ఆటోమేటిక్ బ్యాకప్ ఆగిపోయిందా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

మారతహళ్ళి పీజీలోని లాప్‌టాప్ అయినా, జయనగర్‌లో నాలుగు కంప్యూటర్లున్న ఆడిట్ ఆఫీసు అయినా, విండోస్‌లో దానంతట అదే నడవాల్సిన బ్యాకప్ ఆగిందంటే తప్పు చాలావరకు ఆ ప్రోగ్రామ్‌ది కాదు. దాన్ని మొదలుకానివ్వని సెట్టింగో, దానికి అందని డ్రైవో కారణమై ఉంటుంది. అన్‌ఇన్‌స్టాల్ చేసే ముందు, పనుల్ని వేళకు నడిపే విండోస్ టూల్ అయిన టాస్క్ షెడ్యూలర్ తెరిచి, మీ టాస్క్ ఎదురుగా ఉన్న లాస్ట్ రన్ టైమ్, లాస్ట్ రన్ రిజల్ట్ చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

లాస్ట్ రన్ టైమ్ పాత తేదీ దగ్గరే ఉంది

టాస్క్ అసలు మొదలవలేదు. కొత్త టాస్క్ పెట్టినప్పుడు కండిషన్స్ ట్యాబ్‌లో 'ఏసీ పవర్ ఉంటేనే' అన్న టిక్ ముందే పడి ఉంటుంది. ఛార్జర్ తీసేసినా, వానకి కరెంటు పోయినా బ్యాకప్ మొదలవదు. ఆ టిక్ తీసేయండి. సెట్టింగ్స్ ట్యాబ్‌లో, తప్పిన టాస్క్‌ను వీలైనంత త్వరగా నడపమనే ఆప్షన్‌కు టిక్ పెట్టండి, ఇది తప్పనిసరి. 'వేక్ ద కంప్యూటర్' ఆప్షన్ స్లీప్ నుంచి లేపుతుంది గానీ షట్‌డౌన్ చేసిన మెషీన్‌ను లేపదు. రాత్రి 2 గంటల కన్నా మధ్యాహ్నం భోజనం వేళ పెట్టుకోవడమే మేలు.

చేత్తో నడిపితే అవుతుంది, షెడ్యూల్‌లో ఫెయిలవుతుంది

గమ్యం జెడ్ లాంటి మ్యాప్డ్ డ్రైవ్ (నెట్‌వర్క్ ఫోల్డర్‌కు ఇచ్చిన డ్రైవ్ అక్షరం) అయితే కారణం అదే. ఆ అక్షరం మీరు లాగిన్ అయిన సెషన్‌కే తెలుసు. యూజర్ లాగిన్‌లో లేకపోయినా నడవమని పెట్టిన టాస్క్ వేరే సెషన్‌లో నడుస్తుంది, దానికి జెడ్ కనిపించదు. డ్రైవ్ అక్షరం బదులు రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ పాత్ ఇవ్వండి. 'పాస్‌వర్డ్ స్టోర్ చేయవద్దు' అన్న టిక్ ఉంటే నెట్‌వర్క్ అందదు, తీసేయండి. విండోస్ పాస్‌వర్డ్ మార్చి ఉంటే టాస్క్‌లోనూ మళ్ళీ ఇవ్వాలి.

యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ అయితే, ముందుగా వేరే పెన్‌డ్రైవ్ గుచ్చిన రోజు దాని అక్షరం మారిపోవచ్చు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆర్ లాంటి, చివరి వైపున్న ఇంగ్లీషు అక్షరం కేటాయించండి.

రాత్రంతా నడుస్తూనే ఉంది, లేదా రిజల్ట్ 0ఎక్స్1 అని వస్తోంది

విండోస్‌తోనే వచ్చే కాపీ కమాండ్ రోబోకాపీతో బ్యాకప్ తీసేవాళ్ళు ఇక్కడే కంగారు పడతారు. రోబోకాపీలో 1 (0ఎక్స్1) అంటే ఫైళ్ళు కాపీ అయ్యాయనే అర్థం. 8, అంతకు పైన వస్తేనే ఫెయిల్యూర్.

రిజల్ట్ 0ఎక్స్41301 దగ్గరే ఉంటే టాస్క్ ఇంకా నడుస్తోందన్నమాట. ఎవరో అవుట్‌లుక్ మూయకుండా వెళ్ళిపోతే మెయిళ్ళు దాచే దాని పీఎస్‌టీ ఫైల్ లాక్ అయి ఉంటుంది. రోబోకాపీ డిఫాల్ట్‌గా ఒక్కో ఫైల్‌ను 30 సెకన్లకోసారి, 10 లక్షల సార్లు మళ్ళీ ప్రయత్నిస్తుంది! ఆ ఒక్క ఫైల్ దగ్గరే తెల్లారిపోతుంది, వెనకున్న ఫోల్డర్లన్నీ అలాగే మిగిలిపోతాయి. కమాండ్‌లో /ఆర్:2 /డబ్ల్యూ:5 చేర్చండి: రెండుసార్లు ప్రయత్నించి, 5 సెకన్ల చొప్పున ఆగి, ముందుకు వెళ్తుంది. లాగ్ ఫైల్ కూడా రాయించండి. అందులో ఎర్రర్ 32 కనిపిస్తే ఆ ఫైల్ తెరిచి ఉందని. రోజూ అదే ఫైల్ దగ్గర తగులుతుంటే తెరిచి ఉన్న ఫైళ్ళనూ కాపీ చేయనిచ్చే వాల్యూమ్ షాడో కాపీ వాడే బ్యాకప్ ప్రోగ్రామ్‌కి మారండి.

పెద్ద ఫైళ్ళు మాత్రమే కాపీ కావట్లేదు

డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది. అందులో 4 జీబీ ఫైల్ పట్టదు. ఉన్నవి వేరేచోట దాచి, ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేయండి.

క్లౌడ్ బ్యాకప్ రోజుల తరబడి పెండింగ్

20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మొత్తం మీ ఒక్కరికే దొరికినా 100 జీబీ ఎక్కడానికి దాదాపు 11 గంటలు. పీజీ వైఫైలో అంత దొరకదు. డాక్యుమెంట్లు ముందు పంపి, వీడియోలు హార్డ్‌డిస్క్‌కి తీయండి.

అంతా సక్సెస్ అంటోంది, కావాల్సిన ఫైల్ మాత్రం లేదు

అన్నిటికన్నా ప్రమాదం ఇదే. విండోస్‌లోనే ఉండే బ్యాకప్ ఫైల్ హిస్టరీ డిఫాల్ట్‌గా లైబ్రరీలు (డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటివి), డెస్క్‌టాప్, కాంటాక్ట్స్, ఫేవరెట్స్‌నే చూస్తుంది. డీ డ్రైవ్‌లో విడిగా పెట్టిన టాలీ డేటా దానికి పట్టదు. ఆ ఫోల్డర్‌ను ఏదో ఒక లైబ్రరీలో చేర్చండి. నెలకోసారి ఒక ఫైల్‌ను వేరే ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేసి, తెరిచి చూడండి.

రోబోకాపీ మిర్రర్ (రెండు చోట్లా అచ్చం ఒకేలా ఉంచే ఆప్షన్) వాడుతుంటే మరో జాగ్రత్త. ఇక్కడ పొరపాటున డిలీట్ అయిన ఫైల్ తర్వాతి రన్‌లో అక్కడా డిలీట్ అవుతుంది. వారానికి ఏడు ఫోల్డర్లు పెట్టి, ఏ రోజుది ఆ రోజు ఫోల్డర్‌లోకి తీయండి. డిలీట్ అయిన సంగతి తెలుసుకోవడానికి వారం రోజులు వ్యవధి ఉంటుంది.