12ఏ కార్ట్రిడ్జ్ రీఫిల్: పిన్ను పీకడం నుంచి సీలు చింపడం దాకా

అనంతపురంలో జేఎన్‌టీయూ దగ్గర మాది జిరాక్స్ షాపు. ప్రాజెక్టు రికార్డుల సీజన్లో ప్రింటరు మొరాయిస్తే పిల్లలు "అక్కా, రేపే సబ్మిషన్" అంటూ కౌంటరు వదలరు. అందుకే టోనరు నింపే పని బయటికివ్వకుండా నేనే చేసుకుంటాను. ఇక్కడ చెప్పేది హెచ్‌పీ లేజర్‌జెట్ 1020లో పడే 12ఏ గురించి. దీనికి వాడకాన్ని లెక్కపెట్టే చిప్ లేదు, కాబట్టి రీఫిల్ చేసినా ప్రింటరు అడ్డు చెప్పదు. షాపులు ఇంకా దీన్ని వదలకపోవడానికి అదో పెద్ద కారణం. కంపెనీ చెప్పే 2000 పేజీలు, పేజీలో 5 శాతమే అచ్చు పడితే వచ్చే లెక్క. సర్క్యూట్ బొమ్మలు వేస్తే అంత రాదు.

ముందు ఫ్యాను ఆపండి, మాస్కు కట్టండి, కింద పేపరు పరవండి. టోనరు ఇంకు కాదు, ఇనుప ఆక్సైడు కలిసిన మెత్తటి ప్లాస్టిక్ పొడి. చేతికి అంటితే చన్నీళ్లతోనే కడగాలి. కింద పడితే ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనరు పెట్టొద్దు. పొడి ఫిల్టరు దాటి గదంతా లేస్తుంది, మోటారు నిప్పురవ్వకు అంటుకునే ప్రమాదమూ ఉంది. తడిగుడ్డ చాలు.

కార్ట్రిడ్జ్ రెండు పక్కలా ఉన్న పిన్నులు నోస్ ప్లయరుతో లాగితే అది రెండు భాగాలుగా విడిపోతుంది. ఒకవైపు బొమ్మ ఏర్పడే డ్రమ్ము, కాగితానికి అంటక మిగిలిన వేస్టు పొడి. రెండోవైపు డ్రమ్ముకు టోనరు అందించే మ్యాగ్నెటిక్ రోలరు, టోనరు డబ్బా. స్ప్రింగు ఎగిరిపోకుండా చూసుకోండి.

అసలు జాగ్రత్తంతా డ్రమ్ము దగ్గరే. దాని పైపూత వెలుతురు తగిలితే చార్జి వదిలేస్తుంది. లేజరు బొమ్మ గీసేది ఆ గుణం మీదే. మా ఊరి ఎండలో కిటికీ పక్కన పెట్టారంటే దాని పని అయిపోయినట్టే. తీయగానే నల్లగుడ్డలో చుట్టండి, చివర్లలోనే పట్టుకోండి. తర్వాత డ్రమ్ముకు చార్జి ఎక్కించే చార్జి రోలరును పొడిగుడ్డతో తుడవండి. డ్రమ్మును గీకి శుభ్రం చేసే వైపర్ బ్లేడు స్క్రూలు విప్పి వెనకున్న వేస్టు పొడి మొత్తం కవర్లోకి దులపండి. చాలామంది ఈ పని ఎగ్గొట్టి కొత్త టోనరు పోసేస్తారు. వేస్టు నిండి పేజీ మీద రాలితే "టోనరు మంచిది కాదు" అంటారు! ఆ వేస్టు పొడిని మళ్లీ డబ్బాలో పోయొద్దు, కాగితపు నూగు అంతా అందులోనే ఉంటుంది.

టోనరు డబ్బాకు మూత తీసి, 12ఏ అని రాసున్న సీసాలోని టోనరే నింపండి. బిగించాక డ్రమ్మును గేరు తిరిగే వైపే చేత్తో నాలుగు చుట్లు తిప్పి టెస్టు పేజీ వేయండి. మచ్చ ప్రతి 7.5 సెంటీమీటర్లకు ఒకసారి పడుతుంటే తప్పు డ్రమ్ముదే. దాని వ్యాసం 24 మిల్లీమీటర్లు, ఒక చుట్టు పొడవు అంతే మరి. డ్రమ్ము విడిగా దొరుకుతుంది, మార్చేయండి.

రీఫిల్ చేసింది రీఫిల్ ధరకు అమ్మితే ఎవరికీ నష్టం లేదు. కొత్తదని అమ్మేవాళ్లతోనే నాకు పేచీ. ఒక డీలరు నాకు అలాంటిదే అంటగట్టాడు. పిన్నుల మీద ప్లయరు గీతలు చూసి పట్టుకున్నా. అప్పటినుంచి పెట్టె మీది హోలోగ్రామ్ సీలు చూడకుండా డబ్బివ్వను. ఆ సీలు మీద మెరిసే రంగులు ఇంకువి కావు, కంటికి కనపడని గాడులు వెలుతురును విడగొట్టడం వల్ల వచ్చేవి. కలర్ ప్రింటరు ఏ కోణంలో చూసినా ఒకే రంగు వేస్తుంది కాబట్టి దాన్ని కాపీ కొట్టలేదు. హోలోగ్రామ్ ఆలోచన భౌతిక శాస్త్రవేత్త డెన్నిస్ గాబర్‌ది, 1947 నాటిది. దానికే 1971లో నోబెల్ వచ్చింది. మామూలు వెలుతురులో ఇంద్రధనుస్సు రంగుల్లో కనిపించే రకం స్టీఫెన్ బెంటన్ తెచ్చాడు.

చూడటం సులువే. 500 నోటును వంచితే దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారుతుంది కదా, అలాగే సీలునూ ఎడమకు కుడికి, ముందుకు వెనక్కి వంచండి. బొమ్మ కదలాలి. కదలకుండా ఊరికే మెరిస్తే అది వెండి కాగితం మీద అచ్చు.

ఖాళీ ఒరిజినల్ పెట్టెలు కొంటామని ఎవరైనా వస్తే అమ్మొద్దు, నకిలీలు దూరేది వాటిలోకే. పెట్టె పారేసే ముందు సీలును కత్తెరతో రెండు ముక్కలు చేయండి. పనికిరాని కార్ట్రిడ్జ్‌లను మాత్రం చెత్తలో కలపొద్దు, కాల్చొద్దు. 2022 ఈ-వేస్ట్ నిబంధనల్లో ప్రింటర్లతోపాటు కార్ట్రిడ్జ్‌లూ ఉన్నాయి. రిజిస్టరైన రీసైక్లరుకే ఇవ్వండి, వేస్టు పొడి కవరు మూతి కట్టి దాంతోపాటే.