తుప్పు పలకకు ప్రాణం పోసిన పది నిమిషాలు

సూర్యరశ్మితో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయాలని ఐరన్ ఆక్సైడ్ నానో కడ్డీల పలక తయారుచేశాను. తుప్పే కదా, చవక. పైగా కంటికి కనిపించే వెలుగునూ పీల్చుకుంటుంది. 1972లో ఇదే పనికి జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా వాడిన టైటానియం డయాక్సైడ్‌కు అతినీలలోహిత కిరణాలే కావాలి.

ఫెర్రిక్ క్లోరైడ్, యూరియా ద్రావణంలో వాహక గాజును (విద్యుత్తు పారే పూత ఉన్న గాజును) నిలబెట్టి 100 డిగ్రీల దగ్గర ఉంచితే పసుపుపచ్చని పూత వచ్చింది. 550 డిగ్రీల్లో కాల్చగా ఎర్రబడింది. చూడముచ్చటగా ఉంది గానీ, సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ముంచి తీగలు కలిపి చూస్తే, దీపం వేసినా ఆర్పినా మీటరు ముల్లు కదలలేదు.

మూడు రోజులు తీగలనూ ద్రావణాన్నీ అనుమానించాను. క్లిప్పు తుడిచాను, సోడియం హైడ్రాక్సైడ్ కొత్తగా కలిపాను. పాపం, వాటి తప్పేమీ లేదు. ఐరన్ ఆక్సైడ్‌లో వెలుగు పుట్టించిన ధనావేశం కొద్ది నానోమీటర్లు నడిచేసరికే ఎలక్ట్రాన్‌తో కలిసి మాయమవుతుంది. కడ్డీలు సన్నగా ఉండాలనేది అందుకే. నావి సన్నవే, కానీ వాటిలో విద్యుత్తు సరిగా పారడం లేదు.

పలకను 800 డిగ్రీల కొలిమిలో పది నిమిషాలు మాత్రమే ఉంచి తీశాను. గాజు మీది వాహక పూతలోని తగరం కడ్డీల్లోకి పాకుతుంది. ఆ కాస్త కల్తీయే ఎలక్ట్రాన్లకు దారి. ఎక్కువసేపు ఉంచితే గాజు వంగిపోతుంది, ఒక పలక అలాగే పోగొట్టుకున్నాను.

మళ్ళీ దీపం వేశాను. ముల్లు లేచింది. ఎదుటి ప్లాటినం తీగ వెంట ఆవగింజకన్నా చిన్న హైడ్రోజన్ బుడగలు. బయటినుంచి కొంత వోల్టేజీ ఇవ్వక తప్పలేదు, ఈ పదార్థం స్వభావమే అంత.