రాజీనామా రాయడానికి చేతులు రాకపోతే

11 ఏళ్ళు ఒకే ఆఫీసులో అకౌంట్స్ చూశాను. అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు 2 నెలలు ఇంటిపట్టునే ఉండిపోతే, మా సార్ ఒక్క రోజు జీతం కూడా కోయలేదు. అలాంటి చోట ఉండగా నాకు ఇంకో సంస్థ నుంచి పిలుపొచ్చింది. జీతం ఎక్కువ, పని కూడా నేను ఎప్పటినుంచో నేర్చుకోవాలనుకున్నదే. కానీ ఆ సంతోషం ఒక పూట కూడా నిలవలేదు. ఆఫర్ లెటర్ ఫోన్‌లో పెట్టుకుని 6 రోజులు ఎవరికీ చెప్పకుండా తిరిగాను. సార్ ఎదురుపడితే తల తిప్పుకునేదాన్ని. తిన్న ఇంటి వాసాలు లెక్కపెడుతున్నానా అని రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు.

మీరూ ఇప్పుడు అదే స్థితిలో ఉంటే, ముందు ఒక కాగితం తీసుకోండి. నేను వెళ్ళిపోతే ఎవరికి ఏ ఇబ్బంది కలుగుతుందో పేరుపేరునా రాయండి. తప్పు చేస్తున్నానన్న బాధ లోపల ముద్దలా ఉన్నంతసేపూ దాన్ని ఏమీ చేయలేం. విడదీస్తే కొంత పట్టు దొరుకుతుంది. నా కాగితం మీద నాలుగు వచ్చాయి: కొత్త మనిషిని వెతుక్కోవాలి, సార్ నొచ్చుకుంటారు, నా జూనియర్ మీద నెలాఖరు పనంతా పడుతుంది, నేను పెట్టిన 11 ఏళ్ళు వృథా అవుతాయి.

నాలుగోది అసలు ఎదుటివాళ్ళకు చేసే అన్యాయమే కాదు. ఇప్పటికే పెట్టేసినదాన్ని వదులుకోలేకపోవడం. 1985లో హాల్ ఆర్క్స్, కాథరిన్ బ్లూమర్ అనే ఇద్దరు పరిశోధకులు నాటకాల సీజన్ టికెట్లను కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు ఇచ్చి చూశారు. పూర్తి ధర పెట్టినవాళ్ళు సీజన్ మొదటి సగంలో ఎక్కువ నాటకాలకు వచ్చారు. నాటకాలు అందరికీ అవే, తేడా అల్లా జేబులోంచి పోయిన డబ్బే. నా 11 ఏళ్ళూ అలాగే నన్ను పట్టి లాగుతున్నాయని అర్థమయ్యాక ఆ వరుస కొట్టేశాను. మొదటిది ఏ సంస్థకైనా ఎప్పుడో ఒకప్పుడు తప్పని పనే.

సార్ మంచితనం గురించి మాత్రం చాలా ఆలోచించాను. ఆ 2 నెలల జీతం అప్పయితే వాయిదాలుంటాయి, తీరే తేదీ ఉంటుంది. ఆయన అలా ఇవ్వలేదు. ఒక మనిషి కష్టంలో ఉందని ఇచ్చారు. దాన్ని నేను జీవితాంతం తీర్చాల్సిన బాకీ కింద రాసుకుంటే ఆయన చేసిన మంచిపనిని తక్కువ చేసినట్టే. కృతజ్ఞత ఉండాలి, చివరిదాకా ఉంటుంది. దాన్ని చూపించాల్సింది వెళ్ళే తీరులో అని నిశ్చయించుకున్నాను.

ఒకటి మాత్రం సార్ గదిలోకి వెళ్ళకముందే తేల్చుకోండి: జీతం పెంచుతామంటే ఆగిపోతారా? మీకు లోటుగా ఉన్నది జీతమే అయితే రాజీనామా మాట ఎత్తకుండా ముందు అదే అడగండి. అది కాకపోతే, పెంచుతామన్నప్పుడు ఏం చెప్పాలో ముందే నోటికి తెచ్చుకోండి. అక్కడికక్కడ మెత్తబడి ఆగిపోయి, 3 నెలలకు మళ్ళీ వెతుక్కుంటే అప్పుడు ఇద్దరికీ ఎక్కువ బాధ.

కాగితాల సంగతి చిన్నదే కానీ మరవకండి. కొత్త చోట సంతకాలతో ఆఫర్ చేతికి వచ్చేదాకా ఎవరితోనూ అనకండి. మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు పీరియడ్ ఎంతో, మిగిలిన సెలవులను ఎలా లెక్కిస్తారో చదువుకోండి. కొత్త చోట చేరే తేదీ ఆ తర్వాతే ఒప్పుకోండి.

చెప్పేటప్పుడు మొదట మీ పైవాళ్ళకే, ఎదురుగా కూర్చుని చెప్పండి. పక్క సీటు వాళ్ళ ద్వారా తెలిస్తే పైవాళ్ళ మనసు నిజంగా విరుగుతుంది. నేను పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందు వెళ్ళాను. "సార్, నాకు వేరే చోట అవకాశం వచ్చింది, చేరాలనుకుంటున్నాను. అమ్మ ఆపరేషన్ అప్పుడు మీరు చేసింది నేను మర్చిపోను. నెల రోజుల్లో పనంతా అప్పగించి వెళ్తాను" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనంలో ఏదో ఒకటి చెప్పి నింపేయాలనిపిస్తుంది, క్షమించమని పదిసార్లు అనాలనిపిస్తుంది. ఆగండి. ఆయన చివరికి "అక్కడ పని బాగుంటుందామ్మా?" అని అడిగారు. బాగుంటుందని చెప్పాను. నొచ్చుకున్నారు, దాచుకోలేదు కూడా. నొచ్చుకునే హక్కు ఆయనకుంది. ఆ నొప్పి లేకుండా చేయడం మీ బాధ్యత కాదు.

ఇక మిగిలింది జూనియర్. నిజంగా ఏమైనా చేయగలిగింది అక్కడే, అందుకే నా నెలంతా అక్కడే పెట్టాను. ఒక లావుపాటి నోటుబుక్ తీసుకుని ఏ రోజు ఏ పని చేస్తే అది అదే రోజు రాశాను. ఏ ఫైలు ఎక్కడుందో ఎవరైనా రాస్తారు. మీరు తలలో మోస్తున్నది రాయండి. ఏ కస్టమర్ రెండోసారి ఫోన్ చేస్తే గానీ డబ్బు పంపడు, ఏ సప్లయర్ బిల్లులో పన్ను ఎప్పుడూ తప్పుగా పడుతుంది, బ్యాంకు లెక్క కలవకపోతే మొదట ఎక్కడ వెతకాలి, ఇవన్నీ. మూడో వారం నుంచి కీబోర్డు తనకిచ్చి నేను పక్కన కూర్చున్నాను. తప్పు చేస్తుంటే వెంటనే చెప్పకుండా ఆగడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నెలాఖరు లెక్కలు ఒకసారి మొత్తం తన చేత్తోనే కట్టించాను.

వెళ్ళేటప్పుడు "ఎప్పుడైనా ఫోన్ చెయ్యి" అని మాత్రం అనకండి. నేను 2 వారాల పాటు, సాయంత్రం 7 తర్వాత చేయమన్నాను. కొత్త ఆఫీసు పని గంటలు ఆ ఆఫీసువే కదా.

తను మొత్తం మూడుసార్లు చేసింది. రెండు సందేహాలు తీర్చాను. మూడోసారి నేను హలో అనేలోపే, "అక్కా, దొరికింది, 42వ పేజీలో రాశావు" అని పెట్టేసింది.