క్లినికల్ పరిశోధన పేపరు చదవడం – 4వ పాఠం: అసలు ప్రశ్న ఏది?

పేషెంట్లను లాటరీ తీసినట్టు రెండు గుంపులుగా ఎందుకు విడదీస్తారో పోయిన పాఠంలో చూశాం. ఈసారి ఒకటే పని: ట్రయల్ మొదలుపెట్టే ముందు పరిశోధకులు ఏ ప్రశ్న రాసిపెట్టుకున్నారో పట్టుకోవాలి. దాని పేరు ప్రైమరీ ఔట్‌కమ్. అది మెథడ్స్ భాగంలో ఉంటుంది. సారాంశం చివరి వాక్యంలో వెతక్కండి, అక్కడ మెరిసేది అసలు ప్రశ్నకు జవాబే కానక్కర్లేదు.

ఎందుకింత పట్టుదల? ఏ గుణమూ లేని మందుకైనా ఇరవై రకాల కొలతలు తీస్తే, ఏదో ఒకదానిలో తేడా కాకతాళీయంగా కనిపించే అవకాశం సగానికి పైనే. మన విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి వంజరం కోసం వెళ్లిన పడవ, వలలో కవ్వళ్లు పడ్డాక ‘మేం వెళ్లిందే వీటికోసం’ అంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

మొదటి ఉదాహరణ, మలద్వార క్యాన్సర్. పేగు చివర వచ్చే అరుదైన జబ్బు ఇది. పెద్దపేగు క్యాన్సర్ గ్రంథి కణాల్లో మొదలైతే, ఇది ఎక్కువగా చర్మంలో ఉండేలాంటి పొలుసు కణాల్లో మొదలవుతుంది. అందుకే పెద్దపేగు క్యాన్సర్ ట్రయల్స్ ఫలితాలను తెచ్చి దీనికి అంటించలేం. విడిగా పరిశోధన చేద్దామంటే పేషెంట్లు దొరకరు. 2020లో అచ్చయిన ఇంటర్‌ఆక్ట్ ట్రయల్ నాలుగు దేశాల్లో 60 కేంద్రాలు తిరిగి 91 మందిని కూడగట్టింది. ఒక్కో కేంద్రానికి సగటున ఇద్దరు కూడా లేరు!

జబ్బు శరీరంలో పాకిపోయిన, లేదా ఆపరేషన్‌కు వీల్లేకుండా తిరగబెట్టిన దశలో ఉన్న వీరిలో సగం మందికి సిస్‌ప్లాటిన్, ఫైవ్ ఎఫ్‌యూ అనే కీమో మందుల జంట ఇచ్చారు. మిగతా సగానికి కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్. అసలు ప్రశ్న: ఎంతమందిలో గడ్డ తగ్గింది? మొదటి గుంపులో 57 శాతం, రెండో గుంపులో 59. అంటే దాదాపు సమానం. ఇక్కడ ఒక్క క్షణం ఆగి, ‘అసలు ప్రశ్నకు జవాబు: తేడా లేదు’ అని మార్జిన్‌లో రాసుకోండి. ఆ తర్వాతే మిగతావి చూడండి. అదే వరుసలో, తీవ్రమైన దుష్ఫలితాలు వచ్చినవారు 62 శాతం, 36 శాతం. మధ్యస్థ ఆయుష్షు, అంటే గుంపులో సగం మంది బతికున్న కాలం, 12.3 నెలలు, 20 నెలలు.

ఈ ట్రయల్ తర్వాత చాలామంది డాక్టర్లు కార్బోప్లాటిన్ జంటకే మొగ్గారు. అది సబబేనని నా అభిప్రాయం. గడ్డ తగ్గడంలో వెనకబడకుండా, మనిషిని తక్కువ బాధపెట్టే మందును ఎంచుకోవడానికి ఆయుష్షు లెక్క కూడా అక్కర్లేదు. ఆ 20 నెలల అంకెను మాత్రం నేనైతే పెన్సిల్‌తోనే రాసుకుంటాను.

ఇప్పుడు వెన్నుపాము గాయాలు. ఇదే ఈ పాఠంలో కష్టమైన భాగం. 1990లో అమెరికాలో నాసిస్ అనే ట్రయల్స్ వరసలో రెండోదాని ఫలితాలు వచ్చాయి. గాయపడిన 487 మందిని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకి మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను భారీ మోతాదులో, ఇంకో గుంపుకి నాలోక్సోన్ అనే వేరే మందు, మూడో గుంపుకి ఉత్తుత్తి మందు ఇచ్చారు. గుంపులను మొత్తంగా పోలిస్తే కండరాల బలంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ గాయమైన 8 గంటల లోపు స్టెరాయిడ్ అందినవారిని విడిగా తీస్తే, ఆరు నెలలకు వారి కండరాల బలం స్కోరు 16 పాయింట్లు పెరిగింది, ఉత్తుత్తి మందు వారిది 11.2. పేరు మోగింది ఈ ముక్కకే. స్టెరాయిడ్ గుంపులో 8 గంటల లోపు మందు అందినవాళ్లు సగం కూడా లేరని గమనించండి. ఆరు కాదు, పది కాదు, ఎనిమిదే ఎందుకు అన్న వాదన ఇప్పటికీ తెగలేదు.

ఇన్ఫెక్షన్లు, కడుపులో రక్తస్రావం లాంటి ప్రమాదాలను కూడా లెక్కేసి, 2013లో అమెరికా న్యూరోసర్జన్ల మార్గదర్శకాలు ఈ మందు వద్దన్నాయి. 2017లో వెన్నెముక వైద్యుల అంతర్జాతీయ సంస్థ ఏఓ స్పైన్ మార్గదర్శకాలు 8 గంటల లోపైతే ఒక అవకాశంగా ఆలోచించవచ్చన్నాయి, అదీ బలహీనమైన సూచనగానే. ఒకే పేపరు, రెండు తీర్పులు. కారణం మీకిప్పుడు తెలుసు.

ఇంకో మాట. పాడేరు దగ్గర చెట్టు మీంచి పడ్డ మనిషిని ఊహించుకోండి. ఊళ్లోంచి రోడ్డు దాకా మోసుకురావాలి, అంబులెన్స్ ఘాట్ దిగాలి, ఆ తర్వాత విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్. కాలానికి ముడిపడ్డ ఏ ఫలితం చదివినా ‘ఈ గడియారం మన పేషెంటుకు సరిపోతుందా?’ అని పక్కన రాసుకోండి. గాజువాకలో బైకు మీంచి పడ్డవాడికి సరిపోయింది ఏజెన్సీ వాడికి సరిపోకపోవచ్చు.

అభ్యాసం: మన దేశంలో ట్రయల్స్ నమోదయ్యే సీటీఆర్‌ఐ రిజిస్ట్రీ ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. 2009 జూన్ నుంచి ఈ నమోదు తప్పనిసరి. వెన్నుపాము గాయాల మీద ఒక ట్రయల్ తెరవండి. మొదటి పేషెంటును చేర్చుకున్న తేదీ, నమోదు చేసిన తేదీ పోల్చండి. పేషెంటును చేర్చుకున్నాక నమోదు చేసి ఉంటే టెన్షన్ పడక్కర్లేదు కానీ, అసలు ప్రశ్న ముందే రాసిపెట్టారనడానికి ఆ పేజీ సాక్ష్యం కాదు. ఆ ప్రశ్నను మీ మాటల్లో, ఎవరిలో, దేన్ని, ఎన్నాళ్లకు కొలుస్తారో తెలిసేలా ఒక వాక్యంలో రాయండి. పేపరు కూడా అచ్చయి ఉంటే, అందులోని ప్రశ్న ఇదేనా కాదా చూసి పక్కన టిక్కో ఇంటూనో పెట్టండి. ఆ కాగితం దాచుకోండి, 5వ పాఠంలో కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ లెక్క దాని మీదే చేస్తాం.