మాట తెగని నెట్‌వర్కు – 4వ పాఠం: వరుస ఎక్కడ కడుతోంది?

పోయిన పాఠంలో ఐపీ ఫోన్ల నుంచి వెళ్ళే వాయిస్ ప్యాకెట్లకు (మాటను మోసే చిన్న డేటా ముక్కలకు) డీఎస్‌సీపీ 46 గుర్తు వేశాం, అంటే 'దీన్ని ముందు పంపు' అని చెప్పే సంఖ్య. "గుర్తయితే పడింది, మాట మాత్రం తెగుతూనే ఉంది" అని చాలామంది రాశారు. తప్పు కొంత నాదే. గుర్తు ఒక్కటే ఏ పనీ చేయదని అప్పుడు గట్టిగా చెప్పలేదు.

ముందు ఒక చిన్న చిక్కు. ప్యాకెట్లు పట్టి చూస్తే 46 బదులు 184 కనిపించిందని కొందరు టెన్షన్ పడ్డారు. రెండూ ఒకటే. ఆ బైటులో పై ఆరు బిట్లే మన గుర్తు, కింద రెండూ వేరే పనికి. అందుకే 46ను 4తో గుణిస్తే వచ్చే 184 అక్కడ కనిపిస్తుంది. అది చూసి డీఎస్‌సీపీ గడిలో 184 కొట్టడానికి ప్రయత్నించకండి, ఆ గడి 63 దాటదు.

ఇక అసలు సంగతి. మీ అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ అనుకుందాం. మీ రూటర్‌కీ ప్రొవైడర్ మోడెమ్‌కీ మధ్య ఉన్న కేబుల్ మాత్రం 1000 ఎంబీపీఎస్. రూటర్‌కి వచ్చిన ప్యాకెట్ వచ్చినట్టే వెళ్ళిపోతుంది. ఎవరూ ఆగని చోట ఎవరు ముందు అన్న ప్రశ్నే రాదు. అన్నీ వెళ్ళి మోడెమ్‌లో పోగుపడతాయి. మామూలు మోడెమ్‌కి మీ 46 పట్టదు, ముందొచ్చినదాన్ని ముందు పంపుతుంది. జనం వీధి చివర తోసుకుంటుంటే మీరు ఖాళీ గుమ్మం దగ్గర బంట్రోతును నిలబెట్టారన్నమాట.

లెక్క చూడండి. మోడెమ్ బఫర్ (ప్యాకెట్లు ఆగి ఉండే చోటు) 10 లక్షల బైట్లనుకుంటే 80 లక్షల బిట్లు. సెకనుకు 2 కోట్ల బిట్లు పోయే దారిలో అది ఖాళీ కావడానికి 400 మిల్లీసెకన్లు. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకపోతే మంచిదని అంతర్జాతీయ టెలికం సంస్థ ఐటీయూ జీ.114 సిఫారసు. ఎవరో ఒకరు పెద్ద ఫైలు ఎక్కిస్తే చాలు, "హలో, హలో, వినిపిస్తోందా" మొదలవుతుంది. బఫర్ నిండాక ప్యాకెట్లు రాలిపోతాయి. రాల్చేటప్పుడు కూడా మోడెమ్ 46ను చూడదు.

కాబట్టి వరుసను మన రూటర్‌లోకి లాక్కోవాలి. రూటర్‌లో షేపింగ్ (వేగానికి మనమే పెట్టే హద్దు) పెట్టి అప్‌లోడ్‌ను 18కి కట్టేయండి. "డబ్బు కట్టిన 2 ఎంబీపీఎస్ వదులుకోవాలా?" అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. అవును, వదులుకోవాలి. సరిగ్గా 20 పెడితే వరుస మళ్ళీ మోడెమ్‌కే పోతుంది. ఈ 20 కూడా బిల్లు మీదది కాదు, రద్దీ వేళ మీరు స్వయంగా కొలిచింది. 100 ఎంబీపీఎస్ లైను తీసుకుంటే ఈ గొడవ ఉండదనుకోకండి. క్లౌడ్ బ్యాకప్ మొదలైతే దాన్నీ నింపేస్తుంది.

వరుస రూటర్‌లోకి వచ్చాక 46 ఉన్న ప్యాకెట్లను ముందు పంపే వేరే వరుస పెట్టండి, అదే వాయిస్ క్యూ. దానికి పరిమితి తప్పనిసరి. మాటను డేటాగా మార్చే జీ.711 పద్ధతిలో కాల్‌కి ఒక్కో వైపు 87 కేబీపీఎస్ చొప్పున పది కాల్స్‌కి 870. నేనైతే 1500 ఇస్తాను. పరిమితి లేకపోతే తప్పుగా 46 వేసుకున్న ఏ యాప్ అయినా మొత్తం లైనును మింగేస్తుంది.

రూటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకు ఇంత శ్రమ లేదు. అందులో వరుసలను చూసుకునే ఎస్‌క్యూఎమ్‌లో కేక్ అనే పద్ధతిని ఎంచుకోండి, నాకు అదే ఇష్టం. కానీ స్క్రిప్ట్ లేయర్ కేక్ అయి ఉండాలి. పీస్ ఆఫ్ కేక్ అనే ఇంకో స్క్రిప్ట్ గుర్తులను లెక్కచేయదు.

డౌన్‌లోడ్‌ను కూడా ఇలాగే తగ్గించి కట్టండి. అటు నుంచి వచ్చే ప్యాకెట్ల మీద మన గుర్తు ఉంటుందని ఆశపడకండి. వాటిని ఫోన్ సిస్టమ్ ఐపీ అడ్రసుతో పట్టుకోవాలి.

అభ్యాసం: షేపింగ్‌ను మీరు కొలిచిన వేగంలో 100, 95, 90, 85 శాతాల దగ్గర పెట్టి చూడండి. ప్రతిసారీ పెద్ద ఫైలు అప్‌లోడ్ నడుస్తుండగా 15 నిమిషాలు కాల్ మాట్లాడుతూ, బయటి సర్వర్‌కి పింగ్ (ప్యాకెట్ వెళ్ళి రావడానికి పట్టే సమయం చూపే కమాండ్) పెట్టి అత్యధిక అంకెను కాగితం మీద రాసుకోండి. పొద్దున ఒకసారి, రాత్రి 9 గంటలకు ఇంకోసారి, మూడు రోజులు. ఆ కాగితం లేకుండా 5వ పాఠం తెరవకండి, అందులోని లెక్కలన్నీ మీ అంకెలతోనే మొదలవుతాయి.