తుపాను రాకముందే మెయిల్ సర్వర్‌కి చేయాల్సిన పనులు

అక్టోబరు, నవంబరు వచ్చాయంటే విశాఖలో సొంత మెయిల్ సర్వర్ నడిపేవాళ్లకి టెన్షనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరి దగ్గరే తీరం దాటింది, ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు.

సర్వర్ పూర్తిగా ఆగిపోతే వచ్చే మెయిల్స్ అన్నీ పోతాయని చాలామంది భయం. పోవు. మీ సర్వర్ దొరక్కపోతే మెయిల్ పంపే అవతలి సర్వర్ దాన్ని క్యూలో పెట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, కనీసం నాలుగైదు రోజులు అలా చూడాలని ఎస్‌ఎమ్‌టీపీకి (సర్వర్లు మెయిల్స్ పంపుకునే పద్ధతికి) ఆధారమైన ఆర్‌ఎఫ్‌సీ 5321 అనే ప్రమాణ పత్రం చెబుతోంది. కొన్ని సేవలు ఒక్క రోజుకే వదిలేస్తాయి, అది వేరే సంగతి.

అసలు ప్రమాదం సర్వర్ సగం లేచినప్పుడు. కరెంటు వచ్చింది, డిస్క్ పోయింది, హడావిడిగా పాత బ్యాకప్ ఎక్కించారు, ఈమధ్య చేరినవాళ్ల పేర్లు అందులో లేవు అనుకోండి, వాళ్లకి వచ్చిన ప్రతి మెయిల్‌కీ మీ సర్వర్ 550, అంటే అలాంటి యూజర్ లేరు అనే కోడ్‌తో జవాబిస్తుంది. 4తో మొదలయ్యే కోడ్ ఇస్తే అవతలి సర్వర్ మళ్లీ వస్తుంది, 5తో మొదలైతే ఇక రాదు, మెయిల్ పంపినవాళ్లకి తిరిగెళ్లిపోతుంది. అందుకే పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు తుపాను హెచ్చరిక రాగానే అందులో సాఫ్ట్ బౌన్స్ అనే సెట్టింగ్ ఆన్ చేసేయండి, అప్పుడు 5లన్నీ 4లుగా వెళ్తాయి. మెషీన్ ఆన్ అవగానే పోస్ట్‌ఫిక్స్ దానంతటది స్టార్ట్ కాకుండా కూడా ఆపండి. అన్నీ సరిచూసుకున్నాక మీ చేత్తో స్టార్ట్ చేయండి, సాఫ్ట్ బౌన్స్ తీసేయడం మర్చిపోకండి.

బ్యాకప్ ఎమ్‌ఎక్స్ (మీ సర్వర్ దొరకనప్పుడు మీ మెయిల్స్ తీసుకుని ఉంచే రెండో సర్వర్) పెడితే ఊరి బయట పెట్టండి. విశాఖలోనే మధురవాడలో ఒకటి, గాజువాకలో ఒకటి అంటే రెండూ ఒకే తుపానులో ఉన్నట్టే. దానికి మీ యూజర్ల జాబితా తప్పకుండా ఇవ్వాలి, లేకపోతే వచ్చిన స్పామ్ అంతా తీసుకుని తర్వాత ఎవరెవరికో తిప్పి పంపుతూ బ్లాక్‌లిస్టులో పడుతుంది. మీ డొమైన్ పేరు ఏ సర్వర్‌దో చెప్పే నేమ్‌సర్వర్ల సంగతీ అంతే, ఒకటైనా వేరే ఊళ్లో ఉండాలి. ఆ నేమ్‌సర్వర్లు ఇచ్చే డీఎన్‌ఎస్ రికార్డుల్లో టీటీఎల్‌ని (ఇతరులు పాత జవాబుని ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పే గడువుని) రెండు రోజుల ముందే 300 సెకన్లకి తగ్గించుకోండి, తుపాను రోజున తగ్గించినా పాత గడువు తీరేదాకా ఎవరూ కొత్తది చూడరు.

బయటికి వెళ్లే మెయిల్స్‌కి అత్యవసర దారి కావాలనుకుంటే ఆ ఐపీని ఇప్పుడే ఎస్‌పీఎఫ్‌లో (మీ డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కున్న ఐపీల జాబితాలో) చేర్చి, ఆ ఐపీ ఏ పేరుదో చెప్పే పీటీఆర్ రికార్డు పెట్టించండి. ఆ రోజు మొబైల్ హాట్‌స్పాట్ మీంచి పంపేద్దాం అనుకుంటే కుదరదు.

సర్వర్ కిటికీ పక్కన ఉంటే జరపండి, నేల మీద ఉంటే ఎత్తున పెట్టండి. జనరేటర్ ఉంటే డీజిల్ ముందే తెచ్చుకోండి.

ఇంకొకటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు: డొమైన్ రికార్డులు మార్చే అకౌంట్‌లోకి వెళ్లాలంటే ఓటీపీ మీ ఫోన్‌కే వస్తుంది, ఊళ్లో సిగ్నలే ఉండదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న నమ్మకమైన మనిషికి అందులో విడిగా లాగిన్ ఇచ్చి, ఏ రికార్డు ఎలా మార్చాలో ఈ వారంలోనే ఒకసారి చేయించి చూడండి.