లౌకిక సమాజంలో స్థానిక క్రైస్తవ సంఘం: వరంగల్ ప్రాంతపు సంఘ పెద్దలకు కొన్ని ఆచరణ సూచనలు

ఆదివారం ఆరాధన ముగించి గేటుకు తాళం వేసుకోవాలా, లేక ఊరి మంచిచెడ్డల్లో పాలుపంచుకోవాలా అన్న ప్రశ్న హనుమకొండ, కాజీపేట పరిసరాల్లోని ఏ సంఘమైనా వేసుకోవలసినదే. ఆరాధనను ఏమాత్రం తగ్గించుకోకుండానే ఊరందరికీ అక్కరకు వచ్చే సంఘంగా నిలవవచ్చునని నేను దృఢంగా నమ్ముతున్నాను.

ముందుగా పాస్టరు గారు, సంఘ పెద్దలు, స్త్రీల సమాజం, యవనస్థులు కలిసి కూర్చుని రాజ్యాంగంలోని 25 నుంచి 30 వరకు గల అధికరణలను చదవాలి. మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛను 25వ అధికరణ అందరికీ సమానంగా ఇస్తూనే, దానిని ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబరచింది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధను 28వ అధికరణ నిషేధించింది. రాజ్యానికి మతం లేదు గనుక మనం ప్రత్యేక ఆదరణ అడగనక్కరలేదు, అలాగని మన విశ్వాసాన్ని దాచుకోనక్కరా లేదు.

తరువాత మన ప్రాంతపు పూర్వానుభవాన్ని యువతకు చెప్పాలి. నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో నెలకొల్పిన కుష్ఠు ఆసుపత్రికి పెద్ద మొత్తంలో విరాళమిచ్చిన నర్సాగౌడ్ హిందువు. ఒక క్రైస్తవ వైద్యురాలి సేవను నమ్మి వేరే మతస్థుడు ధనమివ్వడం, అక్కడ రోగి రోగిగానే ఆదరణ పొందడం మనకు దొరికిన అత్యుత్తమ పాఠమని నా అభిప్రాయం. డోర్నకల్‌లో బిషప్ అజరయ్య కట్టించిన కథీడ్రల్‌లో (బిషప్ పీఠం ఉండే పెద్ద చర్చిలో) మసీదు, దేవాలయ శిల్పరీతులు కలిసి కనిపించడాన్ని కూడా పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లి చూపించాలి.

ఇక పని విషయానికి వస్తే, ఒకటే ఎంచుకొని విడవకుండా చేయాలి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి దూరపు పల్లెల నుంచి వచ్చే రోగుల వెంట ఉండేవారికి ఏ విభాగం ఎక్కడుందో, ఆరోగ్యశ్రీకి ఏ కాగితాలు కావాలో తెలియక ఎంతో తిరుగుడు ఉంటుంది. చదువుకున్న యవనస్థులు ఇద్దరు, ఆసుపత్రి అధికారుల అనుమతి తీసుకొని, వారానికి కొన్ని పూటలు వారి పక్కన నిలబడి దరఖాస్తులు నింపిపెడితే అది గొప్ప పరిచర్య. మేడారం జాతర సమయంలో ములుగు దారిన వెళ్లే భక్తులకు మంచినీళ్లు అందించడమూ అటువంటిదే. ఈ రెండు చోట్లా కరపత్రాలు పంచకూడదు, ప్రార్థనకు రమ్మని షరతు పెట్టకూడదు, సాయం పొందినవారి ఫోటోలు తీయకూడదు. అడిగితే మాత్రం మన విశ్వాసాన్ని సంకోచం లేకుండా చెప్పవచ్చు. అవసరంలో ఉన్న మనిషి నిస్సహాయతను సువార్తకు అవకాశంగా వాడుకోవడం తప్పని నేను గట్టిగా భావిస్తాను.

ఉజ్జీవ సభలకు, అంటే విశ్వాసాన్ని కొత్తగా రగిల్చే ప్రార్థన కూటాలకు, మైకు పెట్టదలిస్తే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్ వాడరాదు.

ఎన్నికల వేళ మరింత జాగ్రత్త అవసరం. మతం పేరిట అభ్యర్థి ఓట్లడగడం 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 123వ సెక్షన్ ప్రకారం అవినీతికర చర్య. ప్రార్థనా స్థలాలను రాజకీయ కార్యకలాపాలకు వాడటాన్ని 1988 నాటి చట్టం నిషేధిస్తుంది. అందువల్ల ఏ పార్టీ నాయకుడు వచ్చినా తోటి ఆరాధికుడిగా కూర్చోబెట్టాలి గాని, ప్రసంగ వేదిక ఇవ్వకూడదు.

అయితే ప్రజాసమస్యల మీద మౌనంగా ఉండమని దీనర్థం కాదు. మురుగు కాలువ పొంగితే కార్పొరేషన్‌కు ఇచ్చే వినతిపత్రంలో “మా చర్చికి దారి లేదు” అని కాక, “ఈ వీధిలోని ఇళ్లన్నింటిలోకీ వాననీరు వస్తోంది” అని రాసి, దేవాలయ కమిటీ, మసీదు కమిటీ పెద్దల చేత కూడా సంతకాలు చేయించాలి. ఆ కాగితం ఒక నకలు సంఘం ఫైలులో భద్రపరచి, పని పూర్తయ్యేదాకా ఎవరు వెంటపడాలో అదే సమావేశంలో పేరు రాసుకోవాలి.